కంచు వంపు కింద వెలుతురు

ధూమ్రకూటం అనే కొండ కడుపులో ఒక గుహ ఉంది. దాని పైకప్పు నడిమిన బావి నోరంత కంత. ఏడాదికి మూడంటే మూడు రోజులు, సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు, ఆ కంతలోంచి ఎండ నిట్టనిలువుగా గుహలోకి దిగుతుంది. అదీ రెండు ఘడియల సేపే. మిగతా ఏడాదంతా అక్కడ చీకటిదే రాజ్యం.

ఆ మూడు రోజుల్లో మొదటి రోజు ఇది. ఎండ దిగేసరికి గుహ రూపమే మారిపోయింది. గోడల పొడుగునా కారి గడ్డకట్టిన గుగ్గిలం తేనె రంగుకు తిరిగి, చూస్తుండగానే మోదుగుపూల రంగుకు తిరిగింది. పైనుంచి వేలాడే గుగ్గిలపు జడలు లోపల ఎవరో దీపాలు పెట్టినట్టు వెలిగాయి. నేల మీది ధూళి బంగారు రజనై లేచి ఎండలో ఆడింది. ఏ మహారాజు కొలువుకూటమూ అంత అందంగా ఉండదు. ఆ అందం తగలబడ, దాని నట్టనడుమ, నిలువెత్తు గుగ్గిలపు స్తంభం లోపల ఒక పిల్ల నిలబడి ఉంది.

ఆమె పేరు శారిక. పద్దెనిమిదేళ్ళది. చేతిలో నీళ్ళ చెంబు, కొంగు నడుముకు దోపుకుని, ఎలా నడుస్తున్నదో అలాగే స్తంభంలో చిక్కుకుపోయింది. మూడు నెలలైంది. చచ్చిపోలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, చూస్తుంది, వింటుంది. రెప్ప మాత్రం కదపలేదు.

స్తంభం పక్కన బండ మీద నిలబడ్డవాడు ఆమె అన్న నందకుడు. ముప్పై ఒకటి నిండినవాడు. రాకుమారుడు కాడు, కత్తి పట్టినవాడు కాడు. స్ఫటికవాడలో సాన పట్టుకుని బతికేవాడు. ఆ ఊళ్ళో ఇంటింటా స్ఫటికాన్ని అరగదీసి కటకాలు చేస్తారు, వాటిని వాళ్ళు బిళ్ళలంటారు. ధూమకేశుడనే మాంత్రికుడు ఒకనాడు వచ్చి, హేమవాటి నగరాన్ని కొండ మీంచే తగలబెట్టగల సూర్యబిళ్ళ చేసిమ్మన్నాడు. ఇవ్వనన్నాడు నందకుడు. అంతే, మర్నాడు ఏటికి నీళ్ళకు వెళ్ళిన చెల్లెలు ఇంటికి రాలేదు.

స్తంభం పై కొసన, శారిక నుదుటికి బెత్తెడు ఎత్తున, గోరంత లోతులో నువ్వుగింజంత నల్లటి చుక్క ఉంది. మంత్రం అంతా ఆ గింజలో ఉంది. "ఎండతో ఆ గింజ ఒక్కదాన్నీ కాల్చావా, నీ చెల్లెలికి విడుదల. చుట్టూ ఉన్న గుగ్గిలం అంటుకుందా, అదే ఆమెకు చితి" అని ధూమకేశుడు తనే చెప్పి మరీ పోయాడు. శత్రువు తన తాళంచెవి ఎక్కడ దాచాడో తనే ఎందుకు చెబుతాడయ్యా అని మనకు తడుతుంది. నందకుడికి తట్టలేదు. చెల్లెలు అందులో ఉంటే మనకూ తట్టేది కాదేమో.

గాజుల మలారం భుజాన వేసుకుని, గాజులమ్మేవాడి వేషంలో కొండెక్కాడు. మలారం అడుగున, గాజుల మధ్య, పళ్ళెమంత సూర్యబిళ్ళ దాచాడు. గుహ వాకిట కాపలా ఉన్న గండ్రకుడనే రాక్షసుడు మూటైనా విప్పించకుండా, "పో, పో, ఆ గలగల వింటే నాకు తలనొప్పి" అని దారిచ్చాడు. అక్కడైనా అనుమానం రావలసింది.

"శారీ, భయపడకు. చిటికెలో అయిపోతుంది" అని నందకుడు బిళ్ళను స్తంభం పైకి ఎత్తి పట్టాడు.

ఎండ బిళ్ళలోంచి దిగి దగ్గరపడింది. కొంచెం పైకెత్తాడు, కొంచెం దించాడు. నడుమ కళ్ళు చెదిరే చుక్క ఒకటి ఏర్పడింది. కాని దాని చుట్టూ పలచటి వెలుగు, తెల్లటి పొగమంచు పట్టినట్టు, రూపాయంత మేర పరుచుకునే ఉంది. ఎంత కదిపినా అది దగ్గరపడలేదు. పైకి జరిపితే చుక్క చెదురుతోంది, కిందికి జరిపితే మంచు పెరుగుతోంది. ఇంతలో గింజ చుట్టూ గుగ్గిలం మెత్తబడి పొగ లేచింది. కరిగిన బొట్టొకటి లోపలికి దారి చేసుకుని శారిక కణత మీద పడింది. చర్మం ఎర్రగా పొంగింది. ఆమె అరవలేదు, అరవడానికి వీల్లేదు. కంటికొసన నీళ్ళు నిండి, ఎటూ జారే దారిలేక అక్కడే ఆగిపోయాయి.

నందకుడు బిళ్ళను వెనక్కి లాక్కున్నాడు. తలపాగా చింపి బిళ్ళ అంచు చుట్టూ కప్పాడు. నడుమ మాత్రం వదిలి మళ్ళీ పట్టాడు. ఈసారి మంచు పోయింది, చుక్క నువ్వుగింజంత చక్కగా నిలిచింది. కాని వేడి లేదు. అంచున పడే ఎండంతా గుడ్డకే పోయింది. ఎంతసేపు పట్టినా గింజ నుంచి పొగైనా రాలేదు. ఎండ గోడ వైపు జరిగింది, సన్నబడింది, పోయింది. మొదటి రోజు అయిపోయింది.

"రేపు వస్తాను, శారీ" అనబోయి ఆగాడు. వచ్చి ఏం చేస్తాడు? స్ఫటికవాడలో అంతకు మించిన బిళ్ళ లేదు. ఎనిమిది మంది పెద్దలు కంచు వంపు పెట్టి చూసి, వెంట్రుకవాసి తేడా లేదని తేల్చిన బిళ్ళ అది.

ఈ కంచు వంపు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, లేకపోతే కథ సాగదు. బిళ్ళ తయారయ్యాక దాని పొంగు మీద కంచుతో చేసిన వంపు కమ్మిని బోర్లిస్తారు. దీపానికి అడ్డంగా పట్టి, కంచుకూ బిళ్ళకూ మధ్య వెలుతురు దూరుతోందా అని చూస్తారు. దూరకపోతే బిళ్ళ నిండు గుండ్రం. దూరిందా, దాన్ని దాగలి అనే ఇనప దిమ్మ మీద పగలగొట్టి, చేసినవాడి సానను వాకిట్లో తలకిందులుగా బోర్లించి, వాణ్ణి ఊరు దాటిస్తారు. చూసేది ఎవరో కాదు, చేసినవాడి పెద్దకొడుకే చూడాలి, కొడుకు లేనివాడికే ఊరి పెద్దలు చూస్తారు. కొడుకైతే కావాలని అబద్ధం చెప్పి తండ్రిని ముంచడు గనక, వాడి మాటకు తిరుగులేదని ఆ ఊరి తెలివి.

పద్నాలుగేళ్ళ కిందట నందకుడి తండ్రి సింగరయ్య ఒక బిళ్ళ చేశాడు. పదిహేడేళ్ళ నందకుడు మొదటిసారి కంచు వంపు చేతబట్టాడు. ఊరంతా చూస్తోందని వాడికి గర్వంగా ఉంది. వంపు నడుమన ఆనింది, అంచునా ఆనింది. మధ్య బాటలో మాత్రం సన్నటి వెలుతురు దారంలా కనిపించింది. "వెలుతురుంది" అన్నాడు గట్టిగా, అందరికీ వినిపించేలా. సింగరయ్య కొడుకు వంక చూసి, "వాడు చూసింది నిజమే" అన్నాడు. బిళ్ళ పగిలింది. తల్లి అప్పటికే లేదు. నాలుగేళ్ళ శారిక అన్న చెయ్యి పట్టుకుని నిలబడింది. సింగరయ్య వెళ్ళిపోయాడు.

కొండ దిగుతూ నందకుడు ఆ వెలుతురు దారం గురించే ఆలోచించాడు. కళ్ళు మూసుకుని మెరుగుపెట్టినా వంపు తప్పని చేయి నాయనది. ఆ చేయి ఊరికే తప్పుతుందా?

కొండ కింద సత్రం అరుగు మీద ఒక ముసలమ్మ బొంత కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడానికి చిన్న బిళ్ళ కంటికి పెట్టుకుంది. నందకుడు ఉత్త అలవాటు కొద్దీ ఒంగి అందులోంచి చూశాడు. బొంత పోగులు నడుమ ఎంత స్పష్టంగా ఉన్నాయో అంచున కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. ఒక్క పోగూ చెదరలేదు. ఇలాంటి పని నాయన చేతిదే కావాలనుకున్నాడు.

"ఎక్కడిదవ్వా ఇది?"

"ఉప్పురేవులో గుడ్డి తాత ఉన్నాడు నాయనా, సాన పెట్టుకుని. ఆయనిచ్చాడు. వెల అడిగితే, చలికాలానికి ఓ బొంత కుట్టిపెట్టు చాలన్నాడు. ఇదిగో, ఇది ఆయనదే."

"బొంత నేనిస్తాలే అవ్వా, ఇలా ఇయ్యి."

ముసలమ్మ ఎగాదిగా చూసింది. "గాజులమ్మేవాడివి, మధ్యలో నీకెందుకయ్యా బొంత?" అంది. కాని అతని మొహం చూసి, ఏమనుకుందో ఏమో, గుచ్చిన సూదితోనే చుట్టచుట్టి చేతిలో పెట్టింది.

నీలధార అనేది కొండల్లోంచి ఉప్పురేవు దాకా పరవళ్ళు తొక్కే నది. ఆ పాయలో తెప్ప వేసేవాడు పిచ్చివాడో ప్రాణం మీద తీపి లేనివాడో అయి ఉండాలి. నందకుడు నాలుగు దుంగలు కట్టి నీళ్ళలోకి తోశాడు. మొదటి మడుగులో మొసలి తోకతో కొడితే ఒక దుంగ ఊడిపోయింది. రెండో మడుగులో గాజుల మలారం మునిగిపోయింది. బిళ్ళను బొంతలో చుట్టి పొట్టకు కట్టుకుని, మిగిలిన మూడు దుంగల మీద బోర్లా పడుకుని, పొద్దు వాలే వేళకు ఉప్పురేవు ఇసుకలో పడ్డాడు.

రేవు పక్కన తాటాకుల పాక. ముందు సాన. సాన వెనక తెల్లగడ్డం మనిషి. రెండు కళ్ళూ పాలు పోసినట్టున్నాయి. ఏళ్ళ తరబడి బిళ్ళ కిందకి దిగే సూర్యుడి చుక్కను కళ్ళార్పకుండా చూసిన ఫలితం అది. నందకుడు ఎదురుగా నిలబడ్డాడు. ఎన్నెన్నో అనుకుంటూ వచ్చి, పొట్టకు కట్టిన బొంత విప్పాడు.

"బొంత తెచ్చాను. కొండ కింద సత్రం అవ్వ పంపింది" అన్నాడు చివరికి.

"అక్కడ పెట్టు. తడిసిందే?"

"ఏట్లో తడిసింది. తాతా, ఒక బిళ్ళ ఉంది. చూసిపెడతావా?"

అని, ఇచ్చే ముందు బిళ్ళ మీద ఊపిరి ఊది, ధోవతి చెంగుతో ఎడమ వైపుకే మూడుసార్లు తుడిచి, అంచు పట్టుకుని అందించాడు. సింగరయ్య చెయ్యి చాచి అలాగే ఉండిపోయాడు. బిళ్ళను ఎడమ వైపుకే తుడవాలి, గీత పడదని ఇంట్లో నేర్పినవాడు ఆయనే.

"నందా" అన్నాడు. "ఎంతసేపటి నుంచి నిలబడ్డావురా అక్కడ?"

నందకుడు సాన పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే అంతా చెప్పాడు. సింగరయ్య వింటూ బిళ్ళ పొంగును బొటనవేలితో నడిమి నుంచి అంచు దాకా, అంచు నుంచి నడిమి దాకా రాస్తూ కూర్చున్నాడు.

"బాగా చేశారు. అందుకే పనికిరాదు" అన్నాడు. "ఒరే, చుట్టూ ఒకే గుండ్రమైతే, అంచున పడ్డ ఎండ ఎక్కువ వంగి తొందరగా ముందే కలిసిపోతుంది. నడుమ పడ్డది నిదానంగా వెనక కలుస్తుంది. అన్నానికి పిలిస్తే ఒకే ఇంటి పిల్లలు తలో వేళకు వచ్చినట్టు. ఇంక ఒక్క పంక్తి ఎలా అవుతుంది? నడుమకూ అంచుకూ మధ్య బాటలో వెంట్రుకంత అరగదియ్యాలి. అప్పుడు అంచు వాలు తగ్గి, ఆ ఎండ నిదానిస్తుంది. అందరూ ఒకేసారి వచ్చి ఒకేచోట కూర్చుంటారు."

"కంచు వంపు పెడితే ఆ బాటలో వెలుతురు కనిపిస్తుంది."

"కనిపిస్తుంది."

సింగరయ్య బిళ్ళను కొడుకు చేతికి తిరిగి ఇచ్చి, అరగదీసే కురువిందపు పొడి కోసం తడుముకున్నాడు.

తెల్లారేసరికి పడవ కట్టారు. సముద్రపు గాలి తెరచాపను నింపి ఎగువకు తోసుకుపోతుంటే, పడవ నడుమ కూర్చుని తండ్రీ కొడుకులు బిళ్ళ అరగదీశారు. కురువిందపు పొడి, నీళ్ళు, గుగ్గిలం పూసిన చెక్క. నందకుడి చేయి రుద్దుతుంది, సింగరయ్య బొటనవేలు వెనకే వచ్చి తడుముతుంది. "ఇక్కడ చాలు. అక్కడ ఇంకో నాలుగు చుట్లు." సుడిగుండంలో పడవ మూడుసార్లు గిర్రున తిరిగింది. చుక్కాని విరిగింది. నందకుడు లేవబోతే తండ్రి మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "తిరగనీరా, అదే వదులుతుంది. నీ చెయ్యి ఆపావంటే బాట వంకర పోతుంది" అన్నాడు. సుడి నిజంగానే వదిలిపెట్టింది.

రెండో రోజు మధ్యాహ్నం పడవ మీదే గడిచింది. గుహలో ఎండ దిగి, ఎవరూ రాక, వెళ్ళిపోయి ఉంటుంది. సింగరయ్య బిళ్ళను సూర్యుడికి ఎత్తించి, కింద తన అరచెయ్యి పెట్టాడు. కళ్ళు లేనివాడు అంతకంటే ఎలా చూస్తాడు? అరచేతి నిండా చిన్న చిన్న కాలిన చుక్కలు, లెక్కలేనన్ని. ఒక్కో బిళ్ళకు ఒక్కో చుక్క.

"ఇంకా కంబళి కప్పినట్టు తగులుతోంది. సూది గుచ్చినట్టు తగలాలి. రుద్దు."

అప్పుడే నీడ ఒకటి పడవను కప్పేసింది. ఆకాశంలో రెండు తలల గండభేరుండ పక్షి, రెక్క విప్పితే ఏటి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, బుసకొడుతూ దిగింది. తెరచాప దాని గోళ్ళకు పీలికలైంది. నందకుడు తండ్రి మీద బోర్లా పడ్డాడు. ఒక తల బిళ్ళ వైపు వంగి ఒక కంటితో చూసింది, రెండో తల ఇంకో కంటితో చూసింది. తర్వాత రెండు మెడలూ పైకెత్తి కొండ వైపు ఎగిరిపోయింది. ఎత్తుకుపోగలిగినది ఎత్తుకుపోలేదు. చూసి వెళ్ళింది. నందకుడు బతికామనుకుని తెడ్డు అందుకున్నాడు.

పొద్దు వాలాక, బిళ్ళ తనే రుద్దుతూ సింగరయ్య అడిగాడు, "పిల్ల ఎవరి పోలిక?"

"అమ్మ పోలికే. నడక మాత్రం నీది. విసురుగా నడుస్తుంది."

"నా గురించి ఏం చెప్పావు దానికి?"

నందకుడు తెడ్డు ఆపాడు. "ఏట్లో పోయావని చెప్పాను."

సుడిగుండంలో కూడా ఆగని సింగరయ్య చేయి అప్పుడాగింది. కాసేపటికి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. "మంచిదే. ఏడ్చి ఊరుకుని ఉంటుంది" అన్నాడు.

"నాయనా, ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉంటే..."

"వెలుతురుంది. ఉన్నదాన్ని ఉందన్నావు. నీ కళ్ళదేం తప్పు? ఎందుకుందని ఒక్కడైనా అడగలేదు, అదీ నాకు కష్టమైంది."

"నేనూ అడగలేదు."

"అవును" అన్నాడు సింగరయ్య. "నువ్వూ అడగలేదు."

నందకుడికి ఆ మాట కంటే చెంపదెబ్బ నయమనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నానికి కొండెక్కారు. గండ్రకుడు వాకిట్లో అడ్డంగా పడుకుని ఒక కన్ను తెరిచి, "గాజులు లేవుగా? అయితే పొండి" అని కన్ను మూసుకున్నాడు. వాకిలి దాటబోతూ సింగరయ్య కొడుకు చెయ్యి పట్టి ఆపాడు.

"లోపల నన్ను నాయనా అని పిలవకు. వింటుందన్నావు కదా. ముందు బయటికి రానీ. అందులో ఉండగా తెలిస్తే పాపం, ఏడవడానికి కూడా వీలుండదు."

ఎండ దిగింది. గుహ మళ్ళీ తేనె రంగుకు, మోదుగు రంగుకు తిరిగింది. శారిక కణత మీద మొన్నటి బొబ్బ నల్లబడి ఉంది. కంటికొసన నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"వచ్చాను, శారీ. ఈ తాత సాయం వచ్చాడు" అన్నాడు నందకుడు.

బండ మీద నిలబడి బిళ్ళ ఎత్తాడు. సింగరయ్య తడుముకుంటూ వచ్చి, గింజ మీద అరచెయ్యి కప్పాడు. "దించు. ఇంకొంచెం. పైకి, వెంట్రుకంత." అరచెయ్యి మీద ఎండ దగ్గరపడింది, దగ్గరపడింది, చుట్టూ మంచు లేదు, మసక లేదు, అంచు ఎండా నడిమి ఎండా ఒక్కచోట కూర్చున్నాయి. చర్మం చురుక్కుమని పొగ లేచింది. ముసలాయన మొహం వెలిగింది. "సూది" అన్నాడు. చెయ్యి తీసేశాడు.

నువ్వుగింజ మీద నువ్వుగింజంత సూర్యుడు పడ్డాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపే గింజ ఎర్రబడి, చిటపటలాడి, పేలింది. చుట్టూ గుగ్గిలం చెక్కు చెదరలేదు. ఆ తర్వాత స్తంభం నిలువునా నెర్రెలిచ్చి, మెత్తబడి, పెళ్ళలు పెళ్ళలుగా జారింది. నీళ్ళ చెంబు ఖంగుమని కింద పడి దొర్లింది. శారిక ముందుకు తూలి, ఎవరెదురుగా ఉంటే వాళ్ళ చేతుల్లో పడింది. ఎదురుగా ఉన్నది సింగరయ్య.

ఆయన ఒక చేత్తో ఆమెను పొదివి పట్టుకుని, ఇంకో చేత్తో నుదురు తడిమాడు. కనుబొమ్మలు తడిమాడు. ముక్కు, చెంపలు, గడ్డం. నాలుగేళ్ళ మొహాన్ని పద్దెనిమిదేళ్ళ మొహంలో వెతుక్కుంటున్నాడు. గుడ్డి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

మరుక్షణం పైకంతలోంచి నల్లటి పొగ సుళ్ళు సుళ్ళుగా దిగింది. పొగలో జడలు, జడల్లో నిప్పుకణికల్లాంటి కళ్ళు, చేటంత చేతులు. ధూమకేశుడు.

"శభాష్" అన్నాడు. "హేమవాటిని కాల్చే బిళ్ళ చెయ్యమంటే మీ ఊరివాళ్ళు గుండ్రటి బిళ్ళలు చూపించారు. మంచు కురిపించే బిళ్ళలు. వంపు తప్పిన బిళ్ళ చేసేవాడు ఎక్కడో ఉన్నాడని విన్నాను, ఎక్కడో తెలియలేదు. అందుకే ఆ గింజ పెట్టాను. గింజను కాల్చగలిగేది నాకు కావలసిన బిళ్ళే. నందకుడా, నువ్వు వెతికిపెట్టావు. ఇలా ఇవ్వు."

ఇప్పుడు తెలిసింది నందకుడికి, వాకిట్లో రాక్షసుడు దారెందుకిచ్చాడో, పక్షి ఊరికే ఎందుకు పోయిందో. పొగ చెయ్యి ఒకటి అతని మెడ వైపు సాగింది. ఇంకోటి బిళ్ళ వైపు.

"పగలగొట్టు" అన్నాడు సింగరయ్య.

నందకుడు కదల్లేదు. పద్నాలుగేళ్ళ కిందట దాగలి మీద పగిలిన చప్పుడు చెవిలో వినిపించింది. "మళ్ళీ నా వల్లేనా?" అన్నాడు.

"ఈసారి నేను చెబుతున్నాను. కొట్టు."

నందకుడు కళ్ళు మూసుకుని బిళ్ళను బండకేసి కొట్టాడు. అది పగిలి గుహ నిండా చిమ్మింది. ముక్క ముక్కలోనూ ఒక్కొక్క సూర్యుడు క్షణం వెలిగి ఆరాడు.

ధూమకేశుడు నవ్వాడు. "బిళ్ళ పోతే పోనీ. చేసే చేతులున్నాయి కదా" అని, పొగ పిడికిలిని సింగరయ్య నడుముకు చుట్టాడు. ముసలాయన కూతుర్ని బలంగా కొడుకు వైపు తోసి, తాను పైకి లేచిపోయాడు. నందకుడు ఎగిరి పాదం అందుకున్నాడు. పాదం చేతిలోంచి జారింది. కంతలోంచి ఆకాశం కనిపించింది, ఆకాశంలో రెండు తలల పక్షి, దాని వెనక ఉత్తరానికి సాగిపోయే మసి గీత. ఎండ గోడ వైపు జరిగి సన్నబడింది.

శారిక అన్న భుజం ఊతగా లేచి నిలబడింది. మూడు నెలలుగా కదలని గొంతులోంచి మాట బొంగురుగా వచ్చింది.

"అన్నా, ఆ తాత ఎవరు? నా మొహమంతా తడిమి చూశాడు. ఎందుకో ఏడుస్తున్నాడు."

నందకుడు చెల్లెలి కళ్ళలోకి చూడలేకపోయాడు. "మన నాయన" అన్నాడు.

"నాయన ఏట్లో పోయాడన్నావు."

"పోలేదు. కంచు వంపు పట్టుకుని నేనే ఇంట్లోంచి పంపేశాను. నీకు అబద్ధం చెప్పాను."

శారిక కంటికొసన మొన్నటినుంచీ ఆగిపోయిన నీళ్ళు అప్పుడు జారాయి. ఆమె చెంప మీద పలచగా అంటుకున్న గుగ్గిలం ఇంకా ఆరలేదు. దాని మీద ఒక అరచెయ్యి అచ్చు పడి ఉంది, వేళ్ళతో సహా, అందులో లెక్కలేనన్ని చిన్న చిన్న చుక్కలతో. నందకుడికి అది కనిపిస్తోంది. ఆమెకు కనిపించదు, తగిలింది మాత్రం తెలుసు. కళ్ళు తుడుచుకున్న చేత్తోనే చెంప తుడుచుకోబోయి, ఆ చెయ్యి మధ్యలోనే ఆపి, దించేసింది.

"ఏ వైపు తీసుకుపోయాడు?"

"ఉత్తరానికి."

ఆమె ఒంగి, కింద పడ్డ నీళ్ళ చెంబు తీసుకుంది. "పద" అంది.